మీ అమ్మమ్మ ఎక్కడున్నారో ఏ ప్రసంగీకుడికీ తెలియదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారి వైపు మూడు తరాలుగా లూథరన్ సంఘం. అమ్మది హిందూ కుటుంబం, పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకుంది. చిన్నప్పుడు నన్ను ఎక్కువగా పెంచింది అమ్మమ్మే. ఆమె చివరిదాకా తులసికోటకు దీపం పెట్టిన మనిషి, కానీ ఆదివారం వస్తే నాకు జడ వేసి, కానుక డబ్బులు చేతిలో పెట్టి చర్చికి పంపేది. పోయిన ఏడాది చనిపోయింది. పెళ్ళయ్యాక నేను హైదరాబాద్‌లో మా వారి సంఘానికి వెళ్తున్నాను. మొన్న ఉజ్జీవ సభల్లో ఒక ప్రసంగీకుడు, "యేసును ఒప్పుకోకుండా చనిపోయిన మీ తాతలు, అమ్మమ్మలు ఈ క్షణంలో అగ్నిలో కేకలు వేస్తున్నారు" అన్నాడు. అమ్మ నా పక్కనే ఉంది. ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదు. మా ఎనిమిదేళ్ళ బాబు వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతుల్లో) నరకం బొమ్మలు చూసి వచ్చి, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకు నరకం ఉందనే నమ్మకమే పోయింది. దాంతోపాటు మిగతా విశ్వాసం కూడా పోతుందేమోనని టెన్షన్. మా వారికి చెప్పలేదు. వచ్చే నెల అమ్మమ్మ సంవత్సరీకం. మావయ్య రమ్మన్నాడు, పాస్టర్ గారు వెళ్ళొద్దన్నారు. నరకం నిజంగా ఉందా? సందేహపడటం పాపమా? నేనేం చేయాలి?
— ఒక సహోదరి, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, మీరు ముందు నరకం గురించి అడిగారు. నేను మాత్రం మీ అమ్మగారితో మొదలుపెడతాను. తిండి మానేసింది ఆవిడ కాబట్టి.

ఆ ప్రసంగీకుడు ఆ రోజు చెప్పిన మాట చెప్పే అధికారం ఆయనకు లేదు. బైబిలూ ఇవ్వలేదు, రెండు వేల ఏళ్ళ సంఘమూ ఇవ్వలేదు. కతోలిక సంఘం ఇన్ని వందల ఏళ్ళలో వేలమందిని పునీతులని, అంటే పరలోకంలో ఉన్నారని ప్రకటించింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని మాత్రం ఒక్కరి పేరు కూడా అధికారికంగా ప్రకటించలేదు. యేసును పట్టించిన యూదా పేరు కూడా. నరకం ఉందని గట్టిగా బోధించే సంఘమే అక్కడ నోరు కట్టుకుంది. అదే సంఘం 1964లో, రెండో వాటికన్ మహాసభలో ఇంకో మాట రాసుకుంది: తమ తప్పు ఏమీ లేకుండా సువార్తను ఎరగనివాళ్ళు, నిష్కపటంగా దేవుణ్ణి వెతుకుతూ మనస్సాక్షి చెప్పినట్టు బతికితే, వాళ్ళు కూడా రక్షణ పొందవచ్చని.

మీది లూథరన్ ఇల్లు కాబట్టి ఆ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ మాటే చెప్తాను. విశ్వాసం లేకుండా చనిపోయినవాళ్ళను దేవుడు రక్షిస్తాడా అనే ప్రశ్న మీద 1522లో ఆయన హన్స్ ఫాన్ రెహెన్‌బెర్గ్ అనే ఆయనకు ఉత్తరం రాశాడు. విశ్వాసం లేకుండా రక్షణ లేదన్న తన మాట దగ్గర లూథర్ కదల్లేదు. అయితే చావు ఘడియలోనో, చనిపోయిన తర్వాతో దేవుడు ఒకరికి ఆ విశ్వాసం ఇవ్వగలడా అంటే, ఇవ్వగలడు, అందులో ఎవరికి సందేహం అన్నాడు. ఇస్తాడని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు అని కూడా అన్నాడు. అక్కడితో ఆగాడు. ఇవ్వడని రుజువు చేయడం కూడా మన ప్రసంగీకుల వల్ల కాదు. పేతురు మొదటి పత్రిక 3వ, 4వ అధ్యాయాలు ఒకసారి అమ్మతో కలిసి చదవండి. క్రీస్తు చెరలో ఉన్న ఆత్మల దగ్గరకు వెళ్ళి ప్రకటించాడనీ, చనిపోయినవాళ్ళకు కూడా సువార్త ప్రకటించబడిందనీ అక్కడ ఉంది. ఆ వాక్యాలకు అర్థం ఏమిటన్న దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, అది నిజమే. అయినా మన విశ్వాస ప్రమాణంలో, ఆయన చనిపోయినవాళ్ళ లోకంలోకి దిగాడని ఆదివారం ఆదివారం నిలబడి చెప్పుకుంటున్నాం కదా. అంత చెప్పుకుని, ఆ లోకపు తలుపు మీ అమ్మమ్మకు మూసేశారని ఎవరైనా ఎలా తేల్చేస్తారు?

ఇదంతా అమ్మకు మీరే చెప్పండి. ఫోన్‌లో కాకుండా పక్కన కూర్చుని చెప్పండి. అబ్రాహాము దేవుణ్ణి అడిగిన ప్రశ్న కూడా చదివి వినిపించండి: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" తన తల్లిని దేవుడికి అప్పగించడానికి ఆవిడకు ఆ ఒక్క వాక్యం ఆధారంగా సరిపోతుంది.

ఇక మీ పెద్ద ప్రశ్న. మిమ్మల్ని ఓదార్చాలని "బైబిల్లో నరకం లేదు, అదంతా తర్వాత కల్పించారు" అని రాస్తే నేను అబద్ధమాడినట్టే. ఉంది. పైగా దాని గురించి ఎక్కువ మాట్లాడింది యేసే. "వారి పురుగు చావదు, అగ్ని ఆరదు" అన్నది ఆయనే, యెషయా మాటల్ని తీసుకుని. సువార్తల్లో ఆయన ఈ హెచ్చరికకు వాడిన పేరు ఒక నిజమైన చోటుది. యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే అనే రాజులు తమ పిల్లల్ని అక్కడే అగ్నిలో దహించారని దినవృత్తాంతాల గ్రంథం చెప్తుంది. తర్వాత వచ్చిన యోషీయా రాజు ఆ ఆచారం ఇంకెవరూ చేయకుండా ఆ చోటును అపవిత్రం చేయించాడు. ఆ లోయ యేసు కాలంలో ఊరి చెత్త తగలబెట్టే చోటు అని చాలా ప్రసంగాల్లో వింటుంటాం. దానికి తవ్వకాల్లో ఆధారం దొరకలేదు. ఆ మాట మధ్యయుగపు యూదు వ్యాఖ్యానాల్లో కనిపిస్తుంది. యిర్మీయా ప్రవక్త రాసిందైతే మన చేతుల్లోనే ఉంది. పిల్లల్ని అగ్నిలో వేసే ఆ పని తాను ఆజ్ఞాపించలేదనీ, తనకు తోచను కూడా తోచలేదనీ 7వ అధ్యాయంలో దేవుడే అంటాడు. చెల్లెమ్మా, ఈ మాట దగ్గర కాస్త ఆగండి. మనుషుల్ని నిప్పులో వేయడం దేవుడి మనసుకు అసలు రాని పని అని ప్రవక్త చెప్తున్నాడు. నరకం గురించి ఎవరు ఏం చెప్పినా నేను మొదట దాన్ని ఈ వాక్యంతో పోల్చి చూస్తాను.

యేసు ఆ హెచ్చరిక ఎవరికి చేశాడో కూడా చూడండి. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు దృశ్యంలో, శిక్ష పడి ఎడమవైపు నిలబడినవాళ్ళు ఏ మతంవాళ్ళని ఆయన అడగలేదు. ఆకలితో ఉన్నప్పుడు అన్నం పెట్టలేదు, పరదేశిగా వస్తే చేర్చుకోలేదు, చెరసాలలో ఉంటే చూడటానికి రాలేదు, ఇదే వాళ్ళ మీద నేరం. లూకా 16లో ధనవంతుడు పాతాళంలో యాతన పడుతున్నాడు. వాడు అన్యుడు కాడు. "తండ్రివైన అబ్రాహామా" అని పిలిచే స్వజనుడే. వాకిట్లో కురుపులతో పడి ఉన్న లాజరును రోజూ దాటుకుంటూ పోయాడు, అంతే. యాతనలో ఉండి కూడా లాజరుతో నీళ్ళు తెప్పించుకోవాలనే చూస్తాడు. ఆ పేదవాడు తనకు పనివాడన్న అహం అక్కడా పోలేదు. మన సభల్లో ఈ కథను నరకానికి మ్యాపులా వాడుతున్నారు. ఎవరి వాకిట్లో ఎవరున్నారనేది ఎవరూ అడగడం లేదు. మనవరాలికి జడ వేసి, తనది కాని దేవుడి గుడికి కానుక ఇచ్చి పంపిన ముసలావిడను ఈ కథలో ధనవంతుడి చోట కూర్చోబెట్టడం వాక్యానికే అన్యాయం.

సందేహం విషయానికొస్తే, మీరు ఒంటరి కాదు, కొత్త కూడా కాదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు, దేవుడి శిక్ష వైద్యం లాంటిదనీ, చివరికి సృష్టి అంతా ఆయన దగ్గరకే తిరిగి వస్తుందనీ ఆశించాడు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగరీ ఇంచుమించు అదే రాశాడు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ అనే బిషప్పు నిత్య శిక్షను బలంగా సమర్థించాడు. దాన్ని నమ్మలేక జాలిపడే క్రైస్తవులు తన కాలంలో చాలామంది ఉన్నారని కూడా ఆయనే రాశాడు. చివరికి అగస్టీన్ మాటే నెగ్గింది. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ ఓరిజెన్‌ను ఖండించింది. గ్రెగరీని ఎవరూ ఖండించలేదు. ఈరోజుకీ తూర్పు సంఘాలూ పడమటి సంఘాలూ ఆయన్ను పునీతుడిగానే తలుచుకుంటాయి.

మీ పుట్టింటి సంఘం సంగతి దాచను. లూథరన్లు 1530లో ఆగ్స్‌బర్గ్‌లో ఇచ్చిన విశ్వాస ప్రకటన 17వ అంశం, శిక్షకు అంతం ఉంటుందనేవాళ్ళను స్పష్టంగా తోసిపుచ్చుతుంది. ఇంగ్లండు సంఘంలో కథ ఇంకోలా నడిచింది. అందరూ చివరికి రక్షణ పొందుతారనే మాటను ఖండించే ఒక అంశం 1553లో వాళ్ళ నియమాల్లో ఉండేది. కొన్నేళ్ళకే దాన్ని తీసేశారు. అయినా 1853లో లండన్ కింగ్స్ కాలేజీలో ఎఫ్.డి. మారిస్ అనే ప్రొఫెసర్, నిత్య శిక్ష గురించి వాడుకలో ఉన్న బోధను ప్రశ్నించినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1995కల్లా అదే ఇంగ్లండు సంఘపు సిద్ధాంత కమిషన్, నరకమంటే అంతులేని చిత్రహింస కాదు, దేవుణ్ణి పూర్తిగా కాదనుకున్న మనిషి చివరికి లేకుండా పోవడం అని రాసింది. మన జిల్లాల్లోనూ ఉన్న అడ్వెంటిస్టు సంఘాలవాళ్ళు మొదటి నుంచీ దాదాపు ఇదే నమ్ముతారు. దుష్టులు నశిస్తారు, ఎప్పటికీ కాలుతూ ఉండరు అని. వాళ్ళు చూపించే వాక్యాలు గాలిలోంచి వచ్చినవి కావు. "పాపమువలన వచ్చు జీతము మరణము" అన్నాడు పౌలు. ఆత్మను దేహమును కూడా నరకంలో నశింపజేయగలవాడని యేసే అన్నాడు. మరోవైపు "నిత్యశిక్ష" అనే మాట మత్తయి 25లోనే ఉంది, ప్రకటన గ్రంథంలో రాత్రింబవళ్ళు యాతన అనే మాట ఉంది. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడని తిమోతి పత్రికలో ఉంది. ఒకే గ్రంథంలో ఇన్ని రకాల మాటలు ఉన్నప్పుడు, ప్రార్థనాపరులైన మనుషులే ఎటూ తేల్చుకోలేక పోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మీరు "నరకం మీద నమ్మకం పోయింది" అని రాశారు. అందులో దేని మీద పోయిందో విడదీసి చూసుకోండి. మీరు తెనాలి వైపువాళ్ళు, చుండూరు మీకు దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి చంపారు. పదహారేళ్ళకు, 2007లో, ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ తల్లులు, ఆ భార్యలు తీర్పు దినం ఉండాలని కోరుకుంటే, అది మూఢనమ్మకమని అనే ధైర్యం నాకు లేదు. కోర్టులు చేతులెత్తేసిన చోట, చంపినవాడూ చచ్చినవాడూ ఒకేలా మట్టిలో కలిసిపోయి అంతా సమాప్తం అనడం నాకు ప్రేమగా అనిపించదు. మన తెలుగు నేలలో సువార్తను మొదట గుండెలకు హత్తుకున్నది ఎక్కువగా మాల మాదిగ పల్లెలే. వాళ్ళకు తీర్పు అనే మాట భయం కన్నా ముందు ఆశ. మా మొర వినేవాడొకడున్నాడు, లెక్క అడిగేవాడొకడున్నాడు అనే ఆశ. అందుకే నరకం అనే ఆలోచననే మొత్తం పనికిరానిదని విసిరేసేవాళ్ళతో నేను కలవలేను. హాయిగా బతికేవాళ్ళకు ఆ విసిరేయడం తేలిక.

కానీ న్యాయం ఏం అడుగుతుంది? చేసిన పాపం బయటపడాలి. చేసినవాడు దాన్ని కళ్ళెత్తి చూడాలి, బాధితుడి ముందు నిలబడాలి, దానికి తగ్గది అనుభవించాలి. కోట్ల ఏళ్ళు గడిచినా ఆగని చిత్రహింసను న్యాయం అడగదు. అరవై ఏళ్ళ బతుకులో చేసిన దేనికీ అంతులేని యాతన సరితూగదు. పైగా ఈ ప్రసంగాల్లో లెక్క తలకిందులైపోయింది. జీవితమంతా జనాన్ని పీడించి చివర్లో చేయి ఎత్తినవాడు పరలోకానికి, చేయి ఎత్తని మీ అమ్మమ్మ నిప్పులోకి. చుండూరు తల్లులు అడిగిన తీర్పు ఇది కాదు. మత్తయి 25 చెప్పిన తీర్పూ ఇది కాదు.

నా నమ్మకం సూటిగా చెప్తాను. తీర్పు నిజం. దేవుణ్ణీ తోటి మనిషినీ చివరిదాకా కాదనుకుని మనిషి తనను తాను పాడుచేసుకోగలడు, అదీ నిజం. నిత్యం కాల్చే దేవుణ్ణి మాత్రం నేను సిలువ మీద వేలాడినవాడిలో చూడలేకపోతున్నాను. నాతో ఏకీభవించని దైవభక్తులు చాలామంది ఉన్నారు, నాకన్నా వాక్యం తెలిసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నమ్మేది భయపెట్టడం కోసం కాదు, వాక్యానికి లోబడాలనే. వాళ్ళను గౌరవిస్తాను. గౌరవించలేనిది ఒకటే, పక్కన తల్లిని పోగొట్టుకున్న మనిషి కూర్చుని ఉందేమో చూసుకోకుండా మైకులో మంటలు వర్ణించడం.

సందేహపడటం పాపమా అన్నారు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రిని యేసు తిట్టలేదు, కొడుకును బాగుచేశాడు. యూదా పత్రిక అయితే సందేహపడేవాళ్ళ మీద కనికరం చూపమని సంఘానికే ఆజ్ఞ ఇస్తుంది. నరకం పోతే మిగతాదీ పోతుందేమో అన్న మీ భయానికి ఒక మాట. అపొస్తలుల విశ్వాస ప్రమాణం మొదటి నుంచి చివరిదాకా చదవండి. తండ్రిని నమ్ముతున్నాను, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను నమ్ముతున్నాను, పాప క్షమాపణను నమ్ముతున్నాను, నిత్య జీవాన్ని నమ్ముతున్నాను అని ఉంది. సజీవులకూ మృతులకూ క్రీస్తు తీర్పు తీరుస్తాడని ఉంది. నిత్య యాతనను నమ్ముతున్నానని అందులో ఎక్కడా లేదు. మీరు వారం వారం ఒప్పుకుంటున్నది చెక్కుచెదరలేదు. భయం వల్ల మాత్రమే దేవుణ్ణి పట్టుకుని ఉంటే ఆ భయం పోయినప్పుడు చేయి జారుతుంది. మీ ఉత్తరం చదివితే మిమ్మల్ని ఆయన దగ్గర ఉంచింది భయమని నాకు అనిపించలేదు.

బాబు విషయం ఆలస్యం చేయకండి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఓరిజెన్, అగస్టీన్ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు పక్కన కూర్చుని, ఆ బొమ్మల్లో ఏం చూశాడో వాడితోనే చెప్పించండి. మధ్యలో ఆపకండి, నవ్వకండి, "అలాంటివి అనకూడదు" అని నోరు మూయించకండి. చెప్పడం అయ్యాక, "ఆ బొమ్మలు మనుషులు వేసినవి నాన్నా. దేవుడు తాతమ్మను నాకన్నా, నీకన్నా ఎక్కువ ప్రేమిస్తాడు. నిన్ను కూడా. నువ్వు తప్పు చేస్తే సరిదిద్దుతాడు, నిన్ను వదిలేయడు" అని చెప్పండి. "ప్రేమలో భయముండదు" అనే యోహాను వాక్యం వాడికి కంఠతా నేర్పండి, వీబీఎస్‌లో నేర్చుకున్న పాటలు ఎలాగూ పాడుతుంటాడు కాబట్టి ఇదీ నిలుస్తుంది. అల్లరి చేసినప్పుడు నరకం పేరు ఎత్తే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈరోజే ఆపించండి. సండే స్కూల్ టీచర్‌తో మాట్లాడి, చిన్న పిల్లలకు ఆ బొమ్మలు చూపించొద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి. వినకపోతే వచ్చే వేసవిలో పంపకండి. రెండు మూడు వారాల తర్వాత కూడా నిద్ర సరిగ్గా లేకపోయినా, పక్క తడుపుతున్నా, పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రార్థన చేయిస్తూనే చూపించండి, ఒకటి చేస్తే రెండోది మానాలని లేదు.

మీ వారితో ఈ సంగతి మొదలుపెట్టేటప్పుడు "నాకు నరకం మీద నమ్మకం లేదు" అనే మాటతో మొదలుపెట్టకండి. అలా మొదలైతే ఆయన వాక్యాలు తీస్తారు, మీరు వాక్యాలు తీస్తారు, తెల్లారేసరికి ఇద్దరూ అలిసిపోతారు. బాబు నిద్ర గురించి, అమ్మ తిండి గురించి, మీకు అమ్మమ్మ మీద ఉన్న బెంగ గురించి చెప్పండి. అవి ఆయన కళ్ళ ముందు జరుగుతున్నవే. సందేహం మాట తర్వాత చెప్పొచ్చు, కానీ దాచిపెట్టి ఏళ్ళు గడపకండి. ఆయన పాస్టర్ గారి దగ్గరకు వెళ్దామంటే వెళ్ళండి. ఆ గదిలో సిద్ధాంతం చర్చించేముందు ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యగారూ, మా అమ్మ తల్లి చనిపోయింది, మీరు అమ్మకు ఏం చెప్తారు?" ఆయన దానికి ఇచ్చే జవాబును బట్టి ఆ సంఘంలో మీరు ఎంత మనసు విప్పొచ్చో తెలుస్తుంది.

సంవత్సరీకానికి వెళ్ళండి. కర్మలో మీరు పాల్గొనక్కర్లేదు, ఆ మాట మావయ్యకు ముందే ఫోన్ చేసి చెప్తే ఆయన అర్థం చేసుకుంటాడు, ఇన్నేళ్ళుగా మీ అమ్మ విశ్వాసాన్ని ఆ ఇల్లు భరించింది కదా. భోజనం గురించి పౌలు కొరింథు సంఘానికి రాసింది ఉంది: పిలిచినవాళ్ళ ఇంట్లో పెట్టింది మనస్సాక్షి పేరుతో ఏ ప్రశ్నా అడగకుండా తినమన్నాడు, ఇది అర్పించింది అని ఎవరైనా చెప్తే ఆ చెప్పినవాడి కోసం మానమన్నాడు. మీకు ఇబ్బందిగా ఉంటే మధ్యాహ్నం దాటాక వెళ్ళి, మావయ్యతో కూర్చుని మాట్లాడి రండి. అమ్మను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. మీ వారు వస్తానంటే ఆయన్నూ తీసుకెళ్ళండి, మీ అమ్మమ్మ గురించి ఆయనకు తెలిసింది తక్కువే అయి ఉంటుంది.